నోరు తిరగని పేరు

నిన్న మధ్యాహ్నం, గుంటూరులో మా కింది వాటాలో ఉండే నిండు చూలాలు ఫోన్లో పిల్లల పేర్లు చూసుకుంటూ పైకి వచ్చి నా పక్కన కూర్చుంది. చదువుతూ చదువుతూ ఒకచోట ఆగి నవ్వింది. "అయాంతి అంట ఆంటీ. గ్రీకు పురాణాల్లో సముద్రుడి కూతురంట, ఊదారంగు పువ్వని అర్థమంట. ఇట్టాంటి పేరు ఎవరన్నా పెట్టుకుంటారా?" నేనూ నవ్వాను. అది నా పేరేనని చెప్పడానికి నోరు రాలేదు. అరవై దాటాక, అలా, నా పేరుకు పూర్తి అర్థం తెలిసింది.

మాది దర్శి దగ్గర పల్లె. అమ్మా నాన్నా మిరపచేలకు కూలికి వెళ్లేవాళ్లు. నాకు ముందు ఇద్దరు పుట్టి పోయారు. మన ఈడువాళ్లకు గుర్తుండే ఉంటుంది, ఆ రోజుల్లో కాన్పు కష్టమైతే మిషను ఆసుపత్రే దిక్కు. అక్కడ నన్ను బతికించిన డాక్టరు దొరసానినే పేరు పెట్టమని అమ్మ అడిగిందట. ఆమె చెప్పిన పేరును నర్సు మూడుసార్లు పలికించి, ఏదో పువ్వట అని మాత్రం చెప్పిందట. చదువురాని అమ్మ, ఎక్కడ మరిచిపోతుందోనని, బస్సులోనూ, దిగాక చేలగట్ల మీదా, నన్ను భుజాన వేసుకుని ఇల్లు చేరేదాకా ఆ ఒక్క మాటే అనుకుంటూ నడిచిందట. దారిలో పలకరించినవాళ్లకు బదులే ఇవ్వకపోయేసరికి, బిడ్డ పుట్టగానే ఎంత పొగరొచ్చిందో అనుకున్నారని నాన్న చెప్పి నవ్వేవాడు.

అలా తెచ్చిన పేరును నేను పదో తరగతిలో వదిలేశాను. బడిలో పిల్లలు 'వాంతి' అని వెక్కిరించేవాళ్లు. పరీక్ష దరఖాస్తు నింపుతూ హెడ్మాస్టరుగారు కళ్లద్దాలు సర్దుకుని, "జయంతి అని రాయబోయి తప్పు రాశారా ఏంటమ్మా?" అన్నారు.

"అవునండి" అన్నాను.

సాయంత్రం మిరపకాయల తొడిమలు తీస్తున్న అమ్మకు చెబితే ఆమె చేతులు ఆగిపోయాయి. "నీ ఇష్టమేలే. నేను మాత్రం నాకలవాటైనట్టే పిలుచుకుంటా" అని మళ్లీ పనిలో పడింది. కోప్పడి ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనిపిస్తుంది.

ఆ తర్వాత పెళ్లి శుభలేఖలోనూ, ముప్పై ఏళ్లు పాఠాలు చెప్పిన బళ్లలోనూ జయంతినే. మావారికీ జయంతినే. నాన్న పోయాక, నన్ను అయాంతి అని పిలిచేది అమ్మ ఒక్కతే మిగిలింది.

చివరికి అమ్మను ఇక్కడే ఆసుపత్రిలో చేర్చాం. మూడోరోజు ఉదయం నర్సమ్మ బయటికి వచ్చి, "అయాంతి ఎవరండీ? పొద్దుట్నుంచీ పిలుస్తానే ఉన్నారు. ఊర్నుంచి రావాలా?" అంది. వరండాలో అందరి ముందూ లేచి, "నేనేనండి" అన్నాను. అమ్మ నోట తప్ప ఆ పేరు వినని మావారు నా వైపు వింతగా చూశారు. పెద్దయ్యాక ఆ పేరు నాదని నా నోటితో చెప్పింది ఆ ఒక్కసారే. లోపలికి వెళ్లి చెయ్యి పట్టుకుంటే అమ్మ పిలవడం ఆపింది. ఆ రోజే పోయింది.

ఇప్పుడు ఏ దేశపు పేరు పెట్టుకున్నా, నవ్వేవాళ్లు నవ్వినా, కాగితంలో ఎవరూ దిద్దరు. మావారూ పోయాక ఇంట్లో నేనొక్కదాన్నే. బజారుకు వెళితే పాత విద్యార్థులు జయంతి టీచరుగారూ అని ఆప్యాయంగా పలకరిస్తారు, నేనూ ఆగి మాట్లాడతాను. వాళ్లు వెళ్లిపోయాక మాత్రం, నా గురించి కాకుండా నాకు తెలిసిన ఇంకెవరి గురించో మాట్లాడి వచ్చినట్టుంటుంది.