పొగాకు బ్యారన్‌లో ఆరిన హెర్బేరియం

మొన్న ఆదివారం మా అక్క కూతురు ఇంటికొచ్చి, పెరట్లో కుళాయి పక్కన మొలిచిన ఏదో మొక్క మీదికి ఫోను వంచి, అరనిమిషంలో దాని లాటిన్ పేరు, కుటుంబం, పుట్టిన దేశం గడగడా చదివేసి, బోటనీ అంటే ఇంతేగా పిన్నీ అంది. ఔనమ్మా, ఇంతే అన్నాను గానీ నవ్వాగలేదు, ఎందుకు నవ్వుతున్నానో ఆ పిల్లకి చెబితే అరగంట పడుతుంది, దానికంత తీరిక లేదు. మీకుంటుందని నా నమ్మకం, ఎందుకంటే నాతోపాటు డిగ్రీ చదివినవాళ్ళు మీలో చాలామంది ఉంటారు, రికార్డు మీద సంతకం కోసం స్టాఫ్ రూము గుమ్మం దగ్గర నిలబడ్డ కాళ్ళు మీవీ నావీ ఒకటే.

తొంభైల ఆఖర్లో నేను గుంటూరులో హాస్టల్లో ఉండి బీఎస్సీ చదివాను, బోటనీ, జువాలజీ, కెమిస్ట్రీ. మాది మిరప పండించే ఇల్లు. ఇంటర్ అయ్యాక ఇంక చాలన్న మా నాన్నని అమ్మ నెలరోజులు బతిమాలి ఒప్పించింది, అదీ ఒక షరతు మీద. ఒక్క సబ్జెక్టు పోయినా పెట్టె సర్దుకుని వచ్చెయ్యాలన్నాడు. మా నాన్న ఎక్కువ మాట్లాడే మనిషి కాదు, అన్నదాన్ని మళ్ళీ అనే మనిషీ కాదు, అందుకని ఆ ఒక్క మాటా మూడేళ్ళపాటు నా నెత్తిమీదే ఉంది.

ఉంటే ఉంది, నేను మాత్రం ఒక్క ఫంక్షనూ వదల్లేదు. ఇది గొప్పకి చెప్పుకోవడం కాదు, నా గుణమే అంత. ఎవరైనా వాళ్ళ ఊరికి రమ్మని పిలిస్తే కాదనడం నాకు చేతకాదు, పిలవకపోయినా ఎందుకు పిలవలేదని అడిగి మరీ వెళ్ళే రకం. వినుకొండ అమ్మాయి చెల్లెలి ఓణీల ఫంక్షను, పాస్టరుగారమ్మాయి వాళ్ళ చర్చిలో క్రిస్మస్, చీమకుర్తి అమ్మాయి వాళ్ళ అన్న పెళ్ళి, మధ్యలో కొత్త సినిమాలు, కాలేజీ వార్షికోత్సవానికి డాన్సు, వీటన్నిటి సందుల్లో చదువు. బస్సుల్లో చదివేదాన్ని, భోజనాల బంతిలో వడ్డన వచ్చేలోపు చదివేదాన్ని. ఒకసారి రెండు చేతులకీ గోరింటాకు పెట్టించుకుని, తెల్లారితే కెమిస్ట్రీ పరీక్ష అని అప్పుడు గుర్తొచ్చి, జూనియర్ పిల్లని పక్కన కూర్చోబెట్టుకుని పేజీలు తిప్పించుకున్నాను, పాపం ఆ పిల్ల తనకి అక్కర్లేని ఆర్గానిక్ కెమిస్ట్రీ అంతా నాతోపాటు చదివింది. ఆ పేపరు గట్టెక్కింది కూడా, దాంతో నాకు పొగరు పెరిగింది.

ఆ పొగరు రెండో ఏడు హెర్బేరియం దగ్గర దిగింది. యాభై మొక్కలు వేళ్ళతో సహా మనమే సేకరించి, పాత పేపర్ల మధ్య పెట్టి, పైన బరువేసి, రోజూ పేపర్లు మారుస్తూ వారం పదిరోజులు ఆరబెట్టి, అట్టల మీద అంటించి, కింద పేరూ, దొరికిన ఊరూ, సేకరించినవారి పేరూ రాసి ఇవ్వాలి. ఏడాది పొడుగునా చెయ్యాల్సిన పని. జనవరి చివరికొచ్చేసరికి నా దగ్గర ఏడంటే ఏడు మొక్కలున్నాయి, అందులో ఒకదాన్ని బొద్దింకలు సగం తిన్నాయి. హెర్బేరియం ఇవ్వకపోతే మేడమ్ రికార్డు మీద సంతకం పెట్టరు, సంతకం లేకపోతే ప్రాక్టికల్స్‌కి రానివ్వరు, ప్రాక్టికల్స్ పోతే సబ్జెక్టు పోయినట్టే, ఆపైన పెట్టె సర్దుకోవడమే.

సరిగ్గా అప్పుడే నా రూమ్మేట్ వాళ్ళ ఇంట్లో గృహప్రవేశం వచ్చింది. వాళ్ళది ఒంగోలు అవతల, పొగాకు వేసే కుటుంబం. వెళ్ళకుండా ఉంటానా, వెళ్ళాను, కాకపోతే ఈసారి బుద్ధిగా, భోజనాలయ్యాక ఇద్దరం గట్లెంబడి తిరిగి నలభై మూడు మొక్కలు పీక్కొచ్చాం. వాటిని ఆరబెట్టడానికి రోజులెక్కడివి అని నేను దిగులుపడుతుంటే, నా రూమ్మేట్ కళ్ళు వాళ్ళ బ్యారన్ మీద పడ్డాయి. పొగాకు కోతల కాలమది. పచ్చి ఆకుని కర్రలకి కట్టి ఆ ఎత్తైన గదిలో వేలాడదీసి, కింద కట్టెల పొయ్యి మండిస్తే గొట్టాల వేడికి ఐదారు రోజుల్లో ఆకు కుళ్ళకుండా, బూజుపట్టకుండా ఆరిపోతుంది. బండెడు పొగాకే ఆరగా లేనిది గుప్పెడు మొక్కలు ఆరవా అంది. ఇంత తెలివి మేడమ్‌కి కూడా లేదనుకుని మురిసిపోయాను.

మా మొక్కల్ని కర్రకి కట్టుకుని బయల్దేరిన మమ్మల్ని చూసి వాళ్ళ నాన్నగారు చుట్ట నోట్లోంచి తీసి, "ఏందమ్మాయ్, కలుపు గూడా కాలుస్తన్నారా ఇప్పుడు మీ కాలేజీలో?" అని అడిగారు. పరీక్షకండీ అన్నాను. పరీక్ష అనగానే ఆయన ఇంకేమీ అడక్కుండా, లోపల మంచి చోటు చూసి ఆయనే కట్టారు.

తరవాతి శనివారం ఇంటికెళ్ళిన రూమ్మేట్ ఆ కట్ట తెచ్చింది. బస్సు కండక్టరు వాసన చూసి ఏ గ్రేడమ్మా ఇది అని అడిగాడట. విప్పి చూస్తే నలభై మూడు మొక్కలూ బంగారు రంగులో ఉన్నాయి. తంగేడు, తుమ్మి, ఉత్తరేణి, ఉమ్మెత్త, అన్నీ ఒకటే రంగు, అన్నీ ఒకటే వాసన, ఆకులన్నీ చుట్టుకుపోయాయి. చూడ్డానికి భలే ఉన్నాయే అనుకున్నాం గానీ ఏది ఏదో మాకే తెలియలేదు. అయినా అంటించి, పేర్లు ఉజ్జాయింపుగా రాసి, సోమవారం పట్టుకెళ్ళాను.

మా బోటనీ మేడమ్ మొదటి అట్ట తిప్పి తుమ్మారు, రెండోది తిప్పి మళ్ళీ తుమ్మారు. మూడోదాని ఆకు వేలు తగలగానే పొడై రికార్డు మీద రాలింది. ఆవిడ కళ్ళజోడు తీసి, "ఇది నాకు తెచ్చావా, పొగాకు వేలం కేంద్రానికి తీసుకెళ్ళబోయి ఇటొచ్చావా?" అన్నారు. ల్యాబంతా నవ్వింది, నేనూ నవ్వబోయాను, ఆవిడ నవ్వలేదు. పది రోజుల్లో కొత్తగా యాభై తెస్తేనే సంతకం అన్నారు. ఆ సాయంత్రం హాస్టల్ మెస్‌లో కంచం ముందు కూర్చుని బావురుమన్నాను. నాన్న కోప్పడతాడని కాదు, కోప్పడడు, పెట్టె అందుకుని ముందు నడుస్తాడు, అది తలుచుకుంటేనే భయమేసింది.

శనివారం దాకా నేను క్లాసులకి పోతూ ఒక్కదాన్నే కాలేజీ కాంపౌండు చుట్టూ తిరిగి పదకొండు మొక్కలు పోగేశాను. మెస్‌లో నా ఏడుపు చూసి ఇళ్ళకెళ్ళిన పిల్లలు ఆదివారం సాయంత్రానికి తిరిగి రావడం మొదలైంది. వినుకొండ అమ్మాయి వస్తూనే, "ఇదిగోవే, కొండెక్కి తెచ్చా, మోకాలు చూడు ఎలా గీరుకుపోయిందో" అని సంచీ నా మంచం మీద బోర్లించింది. చీమకుర్తి అమ్మాయి తెచ్చిన మొక్కల మీద వాళ్ళ ఊరి క్వారీల గ్రానైటు దుమ్ము ఎంతుందంటే రెండుసార్లు కడిగితే గానీ ఆకుల రంగు తెలియలేదు. పాస్టరుగారమ్మాయి చర్చి ఆవరణలోంచి ఆరు తెచ్చింది. నేను ఎవరి పెళ్ళిలో పప్పు వడ్డించానో, ఎవరి చెల్లెలికి జడ వేశానో, వాళ్ళంతా మూడో నాలుగో పట్టుకునే వచ్చారు. వార్డెన్‌గారి పాత పేపర్లు మొత్తం మాకే, బరువుకి అందరి ట్రంకు పెట్టెలూ ఒకదాని మీద ఒకటి, తడి తొందరగా పోవడానికి పేపర్ల మీద ఇస్త్రీ పెట్టె. ఆ వారం మా గదిలో పడుకోవడానికి చోటు లేక ఇద్దరం పక్క గదిలో పడుకున్నాం. అంత సంతోషంగా నేనెప్పుడూ చదువుకోలేదు.

లెక్క చూస్తే నలభై రెండయ్యాయి. ఎనిమిది తక్కువ.

సోమవారం సాయంత్రం వాచ్‌మన్ పిలిచి గోనెపట్టాలో చుట్టిన కట్ట ఒకటి చేతికిచ్చాడు, మా ఊరి నుంచి మిరపకాయల యార్డుకి వచ్చినాయన ఎవరో ఇచ్చి వెళ్ళిపోయాడని చెప్పాడు. పట్టా విప్పగానే మిరపఘాటుకి తుమ్ములొచ్చాయి. లోపల సరిగ్గా ఎనిమిది కాదు, తొమ్మిది మొక్కలున్నాయి, గలిజేరు, గంగపాయల, నేల ఉసిరి, రెడ్డివారి నానుబాలు, అన్నీ మా చేలోవే. వేళ్ళు తెగకుండా తవ్వి, మట్టి కడిగి, పేపరు మధ్య ఆకు మడత పడకుండా పరిచి ఉన్నాయి. ఇంట్లో చెప్పొద్దని నేను కాళ్ళావేళ్ళా పడ్డ మా పక్కూరి జూనియర్ పిల్ల శనివారం ఊరికి వెళ్ళీ వెళ్ళగానే మా అమ్మకి చెప్పేసింది. ఒక్కో మొక్కకీ ఒక చీటీ, మా నాన్న చేతిరాత. ఒకదాని మీద, "దీని వేరు లోపల తెగితే మళ్ళీ మొలుస్తుంది. మొత్తం తీసి పంపుతున్నాను" అని రాసుంది. ఆ చీటీ పట్టుకుని మంచం మీద కూర్చుని ఏడ్చాను.

చివరికి పేర్ల దగ్గర పేచీ వచ్చింది. సేకరించినవారు అన్నచోట నీ పేరే రాసెయ్యవే, ఎవరికి తెలుస్తుంది అని అందరూ అన్నారు. మాకిచ్చిన రూలు ప్రకారం కూడా అక్కడ నా పేరే ఉండాలి, ఎవరి మొక్కలు వాళ్ళే సేకరించాలి. నాకు చెయ్యి రాలేదు. ఎవరు తెచ్చింది వాళ్ళ పేరే రాశాను, నావి పదకొండింటికి నా పేరు, ఆ తొమ్మిదింటికి నాన్న పేరు.

మేడమ్ అట్టలు తిప్పుతూ పోయారు, ఈసారి తుమ్మలేదు. ఇంతమంది నీకెందుకు తెచ్చారని అడిగితే, వాళ్ళ ఫంక్షన్లకి వెళ్తుంటానండీ అన్నాను, అంతకన్నా మంచి జవాబు తోచలేదు. నాన్న అట్ట దగ్గర ఆగి ఈయనెవరని అడిగారు. చెప్పాను. నేను తీసెయ్యడానికి మనసొప్పక పక్కనే అంటించిన చీటీ ఆవిడ రెండుసార్లు చదివారు. తరవాత, "హెర్బేరియానికి సగం మార్కులే ఇస్తాను, నీవి కావు కనక. మొక్క ఎలా తియ్యాలో మాత్రం మీ నాన్నగారి దగ్గర నేర్చుకో" అని సంతకం పెట్టారు.

బొటాబొటీ మార్కులతో పాసయ్యాను. సెలవులకి ఇంటికెళ్ళి చేలో నాన్నకి చెబితే, తలెత్తకుండానే మీ వాళ్ళందరూ పాసయ్యారా అని అడిగాడు. అయ్యారన్నాను. "అయితే వచ్చే ఏడు ఎన్ని కావాలో ముందే చెప్పు," అన్నాడు.

ఇప్పుడు మా చేలో కలుపు తీసేవాళ్ళు దొరక్క మందు కొడుతున్నారు, తప్పు పట్టను, ఎవరి కష్టం వాళ్ళది. మా హాస్టల్ వాళ్ళు పెళ్ళిళ్ళకి ఫోనులో కార్డు పంపుతున్నారు, నేనూ అంతే, వెళ్ళేవి కొన్నే. పోయిన నెల ఊరెళ్ళినప్పుడు, నాన్న పంపిన ఆ తొమ్మిది మొక్కలూ ఉన్నాయేమోనని గట్లన్నీ తిరిగితే మూడే కనిపించాయి. నాన్నకి చెబితే, కలుపు పోతే మంచిదేగా, దానికి మొహం అలా పెడతావేంటని నవ్వాడు. నిజమే, చేను శుభ్రంగా ఉంటే సంతోషపడాల్సిన రైతు కూతుర్ని, కలుపు లేదని గట్టు మీద కూర్చుని చాలాసేపు దిగులుపడ్డాను.