నల్ల తిన్నవాళ్లు

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన కొత్తలో ఇచ్చోడ దగ్గరి మా ఊరికి కోస్తా నుంచి ఒక పాస్టరు అయ్యగారు వచ్చారు. మా ఊళ్లో క్రైస్తవుల ఇళ్లు తక్కువ. గుడి అంటే పెంకుల కప్పు, కింద చాపలు, అంతే. అయ్యగారు మంచి మనిషే గానీ ఆయన తెలుగు మాకు సగం, మా తెలుగు ఆయనకు సగం అర్థమయ్యేది.

పాత ఆజ్ఞల్లో మనకు వర్తించేవేవి, వర్తించనివేవి అన్నది ఆయనకు ఇష్టమైన ప్రసంగం. పంది మాంసం తినొచ్చు, శనివారం పని చేసుకోవచ్చు, ఆ కట్టడి యూదులది అనేవారు. రక్తం మాత్రం ముట్టకూడదట. అది మనలా యూదులు కాకుండా బయటినుంచి వచ్చిన విశ్వాసులకే అపొస్తలులు చెప్పిన మాటట. మేమంతా తలలూపేవాళ్లం. రక్తం ఎవరు తింటారు? దెబ్బ తగిలితే కారేది రక్తం. మేకను కోసినప్పుడు గిన్నెలో పట్టి, గడ్డకట్టాక ఉడకబెట్టి, ఉల్లిగడ్డతో వేయించేది నల్ల. రెండూ ఒకటేనని ఒక్కరికీ తట్టలేదు.

ఆ ఏడు అవ్వకు, అంటే మా అమ్మకు, కాన్పు కష్టమైంది. తమ్ముడు దక్కాడు గానీ ఆమె ముఖం సున్నం కొట్టినట్టు తెల్లబడింది. బతికి లేస్తే ముందు గుడిలో ప్రభువు బల్ల దగ్గరికి పోయి, యేసు శరీరమని పంచే రొట్టె తీసుకుంటానని అవ్వ మొక్కుకుంది. పోయిన నెత్తురు తిరిగి రావాలంటే నల్లే మందని నాయనమ్మ వారం వారం వండి పెట్టేది. బాలింతను చూడటానికి వచ్చిన అయ్యగారికీ పెట్టింది.

"ఇదేం కూరమ్మా? చాలా బాగుంది."

"నల్ల, అయ్యగారూ. జర ఇంక ఏసుకోండ్రి."

ఆయన మళ్లీ వేయించుకుని, ప్రార్థన చేసి వెళ్లారు.

తర్వాత అంగడిలో కటికాయన ముందు గిన్నెలో గడ్డకట్టిన రక్తం చూసి అదేమిటని అడిగారట. నల్ల అని జవాబొచ్చేసరికి మా ఇంట్లో తాను తిన్నదేమిటో ఆయనకు తెలిసింది. ఆ సాయంత్రమే మా ఇంటికొచ్చి, తెలియక తిన్నది వేరు, ఇకమీదట తిన్నవాళ్లను బల్ల దగ్గరికి రానివ్వనని చెప్పారు.

నాన్నకు, మా బాపుకు, కోపం ఆగలేదు. "పంది మాఫ్, శనివారం మాఫ్, గిదొక్కటి మాఫ్ కాలేదా అయ్యగారూ? ఆమె పానం మీదికొచ్చింది."

"నేను పెట్టిన ఆజ్ఞ కాదు నాయనా," అన్నారాయన మెల్లగా. ఆ మెల్లదనమే బాపును ఇంకా మండించింది.

నాయనమ్మ మాత్రం నల్ల వండటం మానలేదు. "ముందుగాల బతుకు బిడ్డా, బల్ల యాడికి పోతది," అని దగ్గర కూచుని తినిపించేది. అవ్వ ఏడుస్తూనే తినేది.

బల్ల ఇచ్చే ఆదివారం వచ్చింది. అవ్వ తమ్ముణ్ణి ఒళ్లో పెట్టుకుని గుమ్మం దగ్గరే ఒదిగి కూచుంది. నల్ల తిననివాళ్లను ముందుకు రమ్మన్నారు అయ్యగారు. ఒక్కరూ లేవలేదు. పెద్దలంతా చాపల అల్లిక పరీక్షిస్తున్నారు. నాకు నవ్వొచ్చింది, నాయనమ్మ తొడపాశం పెట్టింది.

"నేనూ తిన్నాను. అడిగి మరీ వేయించుకున్నాను," అన్నారు అయ్యగారు చివరికి. రొట్టె పళ్లెం పట్టుకుని అందరినీ దాటి గుమ్మం దాకా వచ్చి, మొదట అవ్వకే ఇచ్చారు. అవ్వ తమ్ముణ్ణి ఒక చేత్తో పట్టుకుని రెండో చేత్తో రొట్టె అందుకుంది. ఆ క్షణాన ఆయన నాకు ఎంత నచ్చారో చెప్పలేను.

ఆజ్ఞ రద్దయిందా, లేక ఆయన మనసు మారిందా అని బాపు చాన్నాళ్లు వాదించాడు. అయ్యగారు ఆ ప్రసంగం మళ్లీ ఎత్తలేదు.

ఆ వారం నాయనమ్మ ఎప్పటిలాగే నల్ల వడ్డించింది. అవ్వ పళ్లెం పక్కకు జరిపింది.

"ఇగ ఎవ్వలు తినొద్దని మనా జేస్తలేరు గదనే, తిను."

"మనా జేసిననాడు ఏడ్చుకుంట తిన్న అత్తా. గాయినె అందర్ల నాకే ముందుగాల తెచ్చిచ్చిండు. ఇగ నాకు మనసొప్పుత లేదు."

నాయనమ్మ కాసేపు గొణిగింది. తర్వాత బాపును పిలిచి, నెత్తురు పట్టడానికి కార్జమైనా మంచిదే అంటూ, అంగడి లేవకముందే పోయి మేక కార్జం తెమ్మని పంపింది.