వార్తలక్క దిద్దుకున్న వార్త

మా రేడియోలో పొద్దున ఏడింటి వార్తలు ఇరవై రెండేళ్ళు ఒక్కావిడే చదివింది. ఊరంతటికీ ఆమె వార్తలక్క. "అక్క వాన రాదందంటే మబ్బులు కూడా సిగ్గుపడి వెనక్కి పోతాయి" అని నవ్వుకునేవాళ్ళు. నేను అద్దానికి ఇవతల కూర్చుని మైకు మీటలు చూసేవాణ్ణి.

స్టేషను మూతపడబోతున్న ఏడు ఒక విదేశీ సంస్థ ఆదుకుంది. కొత్త యంత్రాలు వచ్చాయి, పైకప్పు కారడం మానింది. పక్కవీధిలో ఉచిత ప్రసూతి ఆసుపత్రి నడిపేదీ వాళ్ళే. అక్క చెల్లెలు అందులో నర్సు. ఆ మేలు కాదనలేం. రెండేళ్ళు వాళ్ళు మమ్మల్ని ఏమీ అడగలేదు. మూడో ఏడు ఎన్నికలొచ్చాయి. అప్పటినుంచి కొన్ని వార్తలు ఆ సంస్థ దగ్గరే తయారై రావడం మొదలైంది. మేనేజరు వాటిని మన భాషలోకి మార్చి అక్క ముందు పెట్టేవాడు.

ఆ ఎన్నికల్లో ఒక లెక్కల మాస్టారు నిలబడ్డారు. మా ఊరి రేవును బయటి కంపెనీకి అప్పగించకూడదన్నది ఆయన పట్టు. పోలింగుకు పది రోజులుందనగా ఒక వార్త వచ్చింది: ఫలానా తేదీ మధ్యాహ్నం మాస్టారు తన ఇంట్లోనే, తన చేత్తోనే పరీక్ష పేపర్లు బయటివాళ్ళకిచ్చారని. అక్క రోజూ చదివినట్టే చదివింది. సాయంత్రానికి మాస్టారింటి గోడ మీద తారుతో తిట్లు వెలిశాయి.

చెల్లెలు డ్యూటీ దిగి నేరుగా స్టేషనుకే వచ్చింది.

"ఆ తేదీ నీకెవరు చెప్పారక్కా?"

"కాగితంలో ఉందే. ఏం?"

"ఆ రోజంతా మాస్టారు మా వార్డు బయట బెంచీ మీదే ఉన్నారు. వాళ్ళమ్మాయికి కాన్పు కష్టమైంది. చీకటిపడేదాకా కదల్లేదు మనిషి. మంచినీళ్ళిచ్చింది నేనే!"

అక్క ఆ కాగితం చేతిలోకి తీసుకుంది. లేచి మేనేజరు గదిలోకి వెళ్ళింది. నేనూ వెనకే వెళ్ళాను.

"ఇది మనం రాసింది కాదమ్మా," అన్నాడాయన. "పంపినవాళ్ళు ఒప్పుకోవాలి. పోలింగు కానివ్వండి, చూద్దాం."

"చదివింది నేనే కదా సార్!"

"తొమ్మిది మందిమి ఇక్కడ బతుకుతున్నాం. మీరే ఆలోచించండి."

చెడ్డవాడు కాదు, భయస్థుడు. ఆ పది రోజులూ అక్క నోరు మెదపలేదు. నేనూ మెదపలేదు. మాస్టారు ఓడిపోయారు. ఆయన దగ్గర లెక్కలు చెప్పించుకునే పిల్లలు రావడం మానేశారు. నిప్పు లేనిదే పొగ రాదుగా అన్నారు తల్లిదండ్రులు.

ఫలితాలు వచ్చిన మూడో నాడు అక్క వాతావరణం చదివింది. రోజూ అంతటితో ముగించి లేచేది, ఆవేళ లేవలేదు.

"మాస్టారి గురించి నేను చదివిన వార్త అబద్ధం. అది ఇక్కడ రాసింది కాదు, పరాయి దేశం నుంచి రాసి పంపింది. కానీ చదివింది నేను. అబద్ధమని తెలిశాక కూడా ఊరుకున్నాను. ఆయనకు చేతులెత్తి క్షమాపణ చెబుతున్నాను."

మేనేజరు పరుగెత్తుకొచ్చి ఆపెయ్యమని చేతులూపాడు. మీట నా వేలి కిందే ఉంది. నొక్కలేదు.

మర్నాడు సర్కారు టీవీ ఆ మాటల్లోంచి ఒక్కటి కత్తిరించింది: "పరాయి దేశం నుంచి రాసి పంపింది." వారం రోజులు అదే మోత. ఆ వెనకే, విదేశీ సాయంతో నడిచేవన్నీ మూసెయ్యాలని ఉత్తర్వు వచ్చింది. రేడియోకీ ఆసుపత్రికీ ఒకే పూట తాళాలు పడ్డాయి. నెలలు నిండినవాళ్ళు సంచులు పట్టుకుని మెట్ల మీద నిలబడ్డారు.

"నిజం చెప్పావు, సంతోషం," అంది చెల్లెలు. "వీళ్ళనిప్పుడు ఎక్కడికి పొమ్మంటావు?"

కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం.

టీవీవాళ్ళు కారేసుకుని వచ్చారు. బయటి సంస్థల బండారం రోజూ తెర మీద విప్పమని అడిగారు.

"నేను చెప్పింది అయిదు ముక్కలు. మీరు వేసింది ఒకటి. మిగతా నాలుగూ వెయ్యండి, అప్పుడొస్తాను," అంది అక్క. వాళ్ళు మళ్ళీ రాలేదు.

ఒక ఆదివారం ఆమె నన్ను వెంటబెట్టుకుని మాస్టారింటికి వెళ్ళింది. ఆయన తలుపు తీసి, లోపలికి రమ్మన్నారు.

"ఆలస్యమైందమ్మా."

"అయింది మాస్టారూ."

లోపల పసిపిల్ల ఏడ్చింది. "దీన్ని బతికించింది ఆ ఆసుపత్రే," అంటూ బల్ల మీది కాగితం ఇటు తిప్పారు. ఆసుపత్రిని పురపాలక సంఘమే నడపాలని అర్జీ. మొదటి సంతకం ఆయనదే. తన పరువు తీసిన సంస్థ కట్టించిన ఆసుపత్రి కోసం! అక్క కళ్ళు తుడుచుకుని ఆ అర్జీ చేతిలోకి తీసుకుంది.

అక్కాచెల్లెళ్ళిద్దరూ గడపగడపా తిరిగారు. మొదట్లో చెల్లెలు ముక్తసరిగానే మాట్లాడేది. అక్క గొంతు వినగానే జనం, "నువ్వు చెబితే చాలక్కా, ఎక్కడ పెట్టాలి సంతకం?" అనేవాళ్ళు. అక్క మాత్రం కలం ఇచ్చేది కాదు. "చదివి పెట్టండి" అనేది. చదువురానివాళ్ళుంటే వాళ్ళింట్లోవాళ్ళనో, పక్కింటివాళ్ళనో పిలిచి చదివించేది. తను చదివేది కాదు. దాంతో పని మూడింతలైంది. చెల్లెలు విసుక్కుంటూనే వీధరుగుల మీద కూర్చుని ఎదురుచూసేది.

పదకొండు నెలలకు పురపాలక సంఘం సగం మంచాలతో ఆసుపత్రి తెరిచింది. చెల్లెలు మళ్ళీ డ్యూటీలో చేరింది. రేడియో మాత్రం తెరుచుకోలేదు.