మొదటి ఫ్రేములో సారన్న చెయ్యి

నిన్న పొద్దున చాయ్ పెట్టుకుని ఫోన్ చూస్తే, మా ఫోటోగ్రాఫర్ల గ్రూపులో ఒక పోస్టర్. దండ, దీపం, మధ్యలో ఎవరో తెల్లటి పెద్దమనిషి.

ఎవరో పాపం అనుకుని కిందికి జరపబోయాను.

అప్పుడు పేరు చదివాను.
మా సారన్న.

ఫోన్ చేస్తే లక్ష్మి వదిన ఎత్తింది. "చాయ్ తెచ్చి లేపితే లేవలే స్వరూపా. నిద్రల్నే పోయిండు" అంది.

కరీంనగర్‌లో పెళ్లి ఆల్బంలు చేసేవాళ్లలో సారన్న తెలియనివాళ్లు తక్కువ. నాకైతే పని నేర్పిన గురువు. పదకొండేళ్లు ఆయన పక్క కుర్చీలో కూర్చుని డిజైన్లు చేశాను. అలాంటి మనిషిని ఫోటోలో నేనే గుర్తుపట్టలేదు.

ఆ ఫోటో బెల్లంపల్లిలో మేనకోడలి పెళ్లిలో ఎవరో ఫోన్లో బ్యూటీ మోడ్ పెట్టి తీసిందట. అన్న ముఖం సున్నం కొట్టిన గోడలా ఉంది. జన్మంతా కెమెరా వెనకాలే ఉన్నాడు కదా, ఎదురుగా చూస్తున్న ఫోటో అదొక్కటే దొరికింది.

పోస్టర్ చేసిన మా గ్రూపు తమ్ముడి మీద నాకు కోపం లేదు.
సరే, కొంచెం ఉంది.

రంగు దగ్గర అన్న ఎంత మొండిఘటమో తెలిసినవాళ్లకు తెలుసు.

నేను చేరిన కొత్తలో జమ్మికుంట పెళ్లి ఒకటి. ఎక్కువ రంగులు పడతాయని కెమెరాలో పెద్ద కలర్ స్పేస్, అంటే రంగుల పరిధి, పెట్టాను. ల్యాబ్ వాళ్లు అడిగే చిన్న పరిధి ఎస్‌ఆర్‌జీబీకి మార్చకుండా ఫైళ్లు అలాగే పంపాను. మానిటర్ మీద మెరిసిన ఆల్బం ప్రింటై వచ్చేసరికి వెలిసిపోయింది. పసుపు చీర బూడిద పట్టింది. పెళ్లికూతురు వారం నుంచి జ్వరంలో ఉన్నట్టుంది.

అన్న తిట్టలేదు.
"బీరువ పెద్దది కొన్నవ్ చెల్లె, మంచిదే. మరి మనింటి తలుపుల పడుతదా లేదా చూసుకోవద్దా?" అన్నాడు.

ఆ మాటతో కలర్ స్పేస్ అంటే ఏంటో నాకు అర్థమైంది. ఇప్పటికీ మర్చిపోలేదు.

నెలకోసారి మానిటర్‌కు కాలిబ్రేటర్ తగిలించేవాడు. మౌస్ అంత ఉంటుంది, తెర రంగుల్ని సరిగ్గా చూపిస్తుందో లేదో కొలుస్తుంది. ఏం చేస్తున్నావన్నా అంటే "దీనికి జరమున్నదేమో చూస్తున్న" అనేవాడు.

అంత చేసీ తెరను నమ్మడు. ప్రింట్ పట్టుకుని షాపు గడపలో నిలబడి పగటి వెలుతురులో చూడాల్సిందే. గిరాకీ వచ్చి నిలబడ్డా దారి ఇవ్వడు.

ఒకసారి ఒక పెళ్లికూతురి తండ్రి వచ్చి "బిడ్డను జర తెల్లగ చెయ్యి సారయ్యా" అన్నాడు.

"చేస్త గని బావా, రేపు నీ మనుమడొచ్చి గీమె ఎవలు తాతా అంటే ఏం చెప్తవ్?"

ఆయన ఆల్బం ఉన్నది ఉన్నట్టే తీసుకుపోయాడు.

ఇక గ్రే కార్డ్ సంగతి.

ఏ పెళ్లికి పోయినా మా మొదటి ఫోటో పెళ్లికూతురిది కాదు, పెళ్లికొడుకుది కాదు. అన్న చేతిది. ఆ చేతిలో ఒక బూడిదరంగు అట్ట. ఫోటోలో ఆ అట్ట అచ్చంగా బూడిదరంగులో కనిపించేట్టు సరిచేస్తే, మిగతా రంగులన్నీ దారికొస్తాయి. పని అయ్యాక ఆ ఫ్రేముతో ఎవరికీ అవసరం ఉండదు. పదకొండేళ్లు నేను దాన్ని చూడటం, పక్కన పడేయటం.

నిన్న మధ్యాహ్నం అన్నను సాగనంపి వచ్చాక వదిన నన్ను పిలిచింది.

"గా ఫోటో ఇంట్ల పెట్టకుండ్రి స్వరూపా. ఎవలో పరాయోని తీర్గ ఉన్నడు. మీ అన్నను మీ అన్న లెక్క చేసియ్యి."

షాపు తెరిచి ఆయన కుర్చీలో కూర్చున్నాను. ఫిల్టర్ ఫోటోలోనే కలిసిపోయింది, తీసేయడానికి లేదు. రంగు నేనే తేవాలి. అన్న రంగు నాకు తెలియదా అనుకున్నాను. నాలుగుసార్లు చేశాను. ఒకసారి ఎర్రగా వచ్చాడు, ఒకసారి మట్టిలా వచ్చాడు. ఇన్నేళ్లు పక్కన కూర్చుని మనిషి రంగు చెప్పలేకపోతున్నానే అని ఏడుపొచ్చింది.

అప్పుడు ఆ చెయ్యి గుర్తొచ్చింది.

పాత పెళ్లిళ్ల ఫోల్డర్లు తెరిచాను. ప్రతి దాంట్లో మొదటి ఫ్రేము. మణికట్టుకు ఎర్రదారం, వేలికి వెండి ఉంగరం, వేళ్ల మధ్య గ్రే కార్డ్. ఆయన అసలు రంగు ఆయనే సరిచూసి దాచిపెట్టినట్టు, వరుసగా అన్నిట్లో ఉంది.

ఆ చేతిని ముఖం పక్కన పెట్టుకుని రంగు కలిపాను. ఎండకు చెయ్యి ముఖం కంటే ఒక పిసరు నలుపు, ఆ పిసరు తగ్గించాను. చెంపల మీది గీతలు మాత్రం తేలేకపోయాను. వాటిని బ్యూటీ మోడ్ తినేసింది.

ఇంకా పొద్దు ఉండగానే ప్రింట్ తీసుకెళ్లి వదిన చేతిలో పెట్టాను. ఆమె లేచింది. గడప దాకా నడిచి, వెలుతురుకు పట్టుకుని చూసింది. నేనేం చెప్పలేదు, అన్నను చూసీ చూసీ ఆమెకూ అలవాటైనట్టుంది.

"గిప్పుడు మీ అన్ననే" అంది. కొంగుతో ఒకసారి తుడిచి, లోపల దీపం పక్కన పెట్టింది.

గ్రూపుల్లో పోస్టర్ పెట్టినవాళ్లు దయచేసి పాతది తీసేసి, ఈ ఫోటో వాడండి. మన సారన్న ఇలా ఉండేవాడు.

అన్నా, నీ గ్రే కార్డ్ వదిన నాకిచ్చింది. వచ్చేవారం పెళ్లి ఒకటి ఉంది. మొదటి ఫ్రేములో నా చెయ్యి ఉంటుంది.

రంగుల ఫికర్ ఇక నాకొదిలెయ్యి. నిమ్మళంగా ఉండు అన్నా.