కలవని చెప్పులు

బీకాం చదవడానికి నల్లగొండలో గది కిరాయికి తీసుకున్న దశరథానికి లోకమంతా జమాఖర్చే. చెవి మీద పెన్సిలు, చొక్కా జేబు నిండా కూడికల కాగితాలు. ఎవరైనా దండం పెడితే ఎడమ చేతి వేలు, తను పెడితే కుడి చేతి వేలు మడిచేవాడు. పంతొమ్మిది వందల అరవైలో ఒక ఉదయం మాత్రం అతని ముఖం వాడిపోయింది. పదింటికల్లా రెండు వైపులా మొత్తాలు కలిసిన అంకణా, అంటే ట్రయల్ బ్యాలెన్స్, చూపకపోతే, పరీక్ష ఫారం మీద సంతకం చేయనన్నాడు లెక్చరర్. నాలుగుసార్లు కూడినా యాభై రూపాయలు తేడా. ఇంటాయన కాటమయ్య వేపపుల్ల నములుతూ తొంగిచూసి, "అరే, గిది మన ఉర్దూ బడి అయిదు గదరా! సున్న అని కూడినవ్!" అన్నాడు. నిజమే. చిన్నప్పుడు నిజాం కాలపు బడిలో నేర్చిన ఆ గుండ్రటి అయిదును తొందరలో పదుల స్థానంలో చెయ్యి రాసింది, కన్ను సున్నగా చదివింది.

"బతికించినవ్ తాతా!" అని దశరథం ముసలాయనను ఎత్తి గిరగిరా తిప్పాడు.

"దించురా, నడుం ఇరుగుతది!"

దించి, మొత్తం దిద్ది, కాళ్ళకు దొరికిన చెప్పులు తొడుక్కుని కాలేజీకి ఉరికాడు. లెక్చరర్ రెండు మొత్తాలూ చూసి సంతకం చేశాడు. తర్వాత కిందికి చూశాడు. ఒక కాలికి దశరథం చెప్పు, రెండో కాలికి కాటమయ్యది.

"లెక్క కలిసింది గని, గివెప్పుడు కలుస్తయి నాయినా?"

"సాయంత్రం సార్, ఇంటికి పొయ్యినంక!"