పేరు ముందర జానెడు జాగా

మా పెద్దమ్మ పోయిందన్న కబురు రేగోడ్ నుంచి బస్సులో వచ్చింది. తెచ్చిన మనిషిని నేను అంతకుముందు ఎన్నడూ చూడలేదు. తలపాగా తీసి చేతిలో పట్టుకుని, మెదక్‌లో నేను పాఠాలు చెప్పే బడి గేటు దగ్గర నిలబడ్డాడు.

"కుట్టు టీచరమ్మ మీకేమైతది?" అని అడిగాడు. మా అమ్మకు అక్క అన్నాను.

"ఎండల వచ్చి మా అరుగు మీద కూసున్నదమ్మా. ఏందో అడిగింది. మా అవ్వనడిగి చెప్త, జర కూసోండ్రి, మంచినీళ్లు గూడ తెస్త అని లోపలికి పోయిన. వచ్చేసరికి గోడకు ఒరిగున్నది. పానం లేదు."

ఏమడిగిందని నేను అడగలేదు. అడగాల్సిన పని లేదు. మా పెద్దమ్మ పరాయి ఊళ్లో పరాయి అరుగు మీద కూర్చుందంటే, ఆ ఇంటి పేరు అడగడానికే కూర్చుని ఉంటుంది.

ఆమె మా బడిలోనే ఆడపిల్లలకు కుట్టుపని నేర్పేది. కుట్టు నేర్పే మనిషి కుదురుగా కూర్చుంటుందని మీరనుకుంటే పొరపాటు. కాజా కుట్టు చూపిస్తూనే కిటికీ దగ్గరికి పోయేది, అక్కడి నుంచి ఇంకో పిల్ల దగ్గరికి, అక్కడి నుంచి వరండాలోకి. సూది మాత్రం చేతిలోనే ఉండేది. చర్చిలో ప్రసంగం కాస్త సాగిందంటే చాలు, బెంచీ చివర ఆమె కాలు ఊగడం మొదలయ్యేది. పెళ్లి చేసుకోలేదు. ఎందుకని అడిగితే, "ఒక్క తాన ఉండుడు నాతోని అయితదా బిడ్డా?" అని నవ్వేది. అమ్మ పోయాక నేను ఆమె దగ్గరే ఉన్నాను. ఆ ఇంట్లో ఏ వస్తువూ వారం రోజులు ఒకచోట ఉండేది కాదు. దువ్వెన కోసం నేను పడ్డ తిప్పలు పగవాళ్లకు కూడా వద్దు.

ఆ కుదురులేనితనం వెనక ఒక సంగతి ఉంది. మా తాత, అంటే ఆమె తండ్రి, కరువు కాలంలో మెదక్ వచ్చాడు. చర్చి కడుతున్న రోజులవి. సున్నం గానుగ దగ్గర పని దొరికింది. జ్ఞానస్నానం ఇచ్చేటప్పుడు ఇంటి పేరేమిటని అడిగితే, ఎదురుగా తిరుగుతున్న గానుగను చూసి "గానుగ" అన్నాడట. అప్పటి నుంచి మా అమ్మ పుట్టింటివాళ్లు గానుగోళ్లయ్యారు. అసలు పేరు మాత్రం ఆయన ఎవరికీ చెప్పలేదు. ఏదో ఊళ్లో దొర దగ్గర ఏళ్ల లెక్కన ఒప్పుకుని పాలేరుగా జీతమున్నవాడు, గడువు తీరకముందే పారిపోయి వచ్చినవాడు. పేరు చెబితే దొర మనుషులు వెతుక్కుంటూ వస్తారని భయం. దొరలు పోయినా ఆ భయం పోలేదు. కూతురు ఎన్నిసార్లు అడిగినా, "ఇంటి పేరుతోని నీకేం పనే? అన్నం దొరుకుతలేదా?" అని గసిరేవాడట. చెప్పకుండానే పోయాడు.

"గానుగ ఇంటి పేరు గాదు, పని పేరు. నేనెవరిదాన్నో నాకు తెల్వకుండ పోవుడు నాకిష్టం లేదు" అనేది పెద్దమ్మ. కానీ అప్పట్లో వెతకడం ఎక్కడ మొదలుపెట్టాలో ఆమెకు తెలియదు. ఆ దారి చూపింది ఒక అమెరికా మనిషి కథ.

దవాఖానలో ఒక నర్సమ్మ ఉండేది. పొడుగాటి మనిషి, ఎర్రటి జుట్టు. మన తెలుగును వార్డులో రోగుల దగ్గరే నేర్చుకుంది. పుట్టింది అమెరికాలో, పెద్దలది మాత్రం ఐర్లండు. అమెరికా ఇంకా ఇంగ్లండు రాజు చేతి కింద ఉన్నప్పుడే వాళ్ల ముత్తాతల నాటి మనిషొకడు ఓడెక్కి వచ్చి పెన్సిల్వేనియాలో స్థిరపడ్డాడట. పేరు డేనియల్ హిల్. గొప్పింటివాడని, సొంత ఖర్చుతో వచ్చాడని వాళ్లింట్లో చెప్పుకుంటారు. అతను ఐర్లండు నుంచి తెచ్చుకున్న మూడు కాళ్ల ఇనుప గిన్నె, ఒక కాలు విరిగినది, ఇప్పటికీ ఇంట్లో గౌరవంగా పెట్టుకున్నారు. ఊరి పేరు మాత్రం ఎవరికీ గుర్తులేదు. ఎండాకాలం పోయాక నర్సమ్మ ఉద్యోగం ముగించి వెళ్లిపోతుంది. దారిలో ఐర్లండులో దిగి ఆ ఊరి మట్టి మీద ఒక్కసారి నిలబడాలని ఆమె ఆశ.

"ఊరు తెల్వకుంటే యాడ దిగుతవ్ నర్సమ్మా?" అంది పెద్దమ్మ. ఇక ఆమె కాలు నిలవలేదు.

నర్సమ్మ పినతండ్రి కూతురు పెన్సిల్వేనియాలోనే ఒక గ్రంథాలయంలో పనిచేస్తుంది. పెద్దమ్మ చెప్పడం, నేను ఇంగ్లీషులో రాయడం, నర్సమ్మ ఆమెకు పంపడం. చిక్కంతా మొదటి రోజే వచ్చింది. వాళ్లింట్లో ప్రతి తరంలోనూ పెద్దకొడుకుకు డేనియల్ అనే పేరు పెడతారని నర్సమ్మ నోరు జారింది.

"అయితే డేనియలే ఇంటి పేరు. డేనియలోళ్లందరినీ ఎతకమని రాయి" అంది పెద్దమ్మ.

"వాళ్లకు ఇంటి పేరు చివర ఉంటుంది పెద్దమ్మా. ఇంటి పేరు హిల్" అన్నాను.

"ముందటుండేదే ఇంటి పేరు. తరాలు మారినా అది మారతలేదు. ఇంకేం గావాలె? చెప్పింది రాయి పిల్లా."

నేను తల కొట్టుకుని రాశాను. నర్సమ్మ నవ్వుకుంటూనే పంపింది. కొన్ని నెలలకు ఒక లావుపాటి కట్ట వచ్చింది. ఆ కాలంలో పెన్సిల్వేనియాలో ఎక్కడెక్కడ ఏ డేనియల్ పేరు కనిపించిందో అన్నీ ఆ అమ్మాయి ఓపిగ్గా రాసి పంపింది. డేనియల్‌ను ఇంటి పేరు చేసిన ఆ మహాపండితులెవరని చివర ఒక చురక కూడా వేసింది. అది చదివి వినిపిస్తే పెద్దమ్మకు కోపం రాలేదు. "చదువు, ముందుకు చదువు" అంటూ కుట్టు గదిలో ఈ గోడ నుంచి ఆ గోడకు తిరిగింది.

ఆ కట్టలో ఒక పాత పత్రికా ప్రకటన నకలు ఉంది. గడువు తీరకముందే పారిపోయిన పనివాడి గురించి యజమాని వేయించింది. పేరు డేనియల్ ఓ ఫారెల్. ఐర్లండులో అతని జిల్లా, ఊరు అన్నీ రాసి ఉన్నాయి. ఓడ కిరాయి కట్టలేక, దానికి బదులు ఏడేళ్లు పనిచేస్తానని ఒప్పుకుని వచ్చినవాడు. ఎర్రజుట్టు మనిషి. పోతూ పోతూ మూడు కాళ్ల ఇనుప గిన్నె ఎత్తుకుపోయాడు. గిన్నెకు ఒక కాలు లేదు.

నేను చదవడం ఆపేశాను. నర్సమ్మ ముఖం పాలిపోయింది. పెద్దమ్మ మాత్రం చప్పట్లు కొట్టినంత పని చేసింది.

"దొరికిండు! జీతమిడిసి ఉరికొచ్చినోడు ఇంటి పేరు మార్చుకుంటడు గనీ, పిలిస్తే పలికే పేరు యాడ మార్చుకుంటడు? వెనుక నుంచి ఎవరన్న పిలిస్తే తిరిగి చూస్తడు గద! గుట్ట చూసి హిల్ అన్నడేమో, మా నాయిన గానుగ చూసి గానుగన్నట్టు."

నర్సమ్మ లేచి వెళ్లిపోయింది. చాలా రోజులు మావైపు రాలేదు. గొప్పింటివాడనుకున్న పెద్దమనిషి పారిపోయిన జీతగాడయ్యాడు, అపురూపంగా చూసుకున్న గిన్నె దొంగసొమ్మయింది. ఆమె బాధ నాకర్థమైంది. పెద్దమ్మకు అన్నం సయించలేదు. దవాఖాన గేటు దాకా పోవడం, లోపలికి పోలేక తిరిగి రావడం. చివరికి ఒక సాయంత్రం నర్సమ్మే వచ్చి గుమ్మంలో నిలబడింది.

"అక్కా, మా గిన్నె దొంగ గిన్నెనంట గద."

"ఏడేండ్ల చాకిరికి ఒక్క కాలిరిగిన గిన్నె ఎక్కువైందా నర్సమ్మా? మా నాయినైతే దొర గొంగడి గుంజుకొచ్చిండు. దాంట్లనే నన్ను పండవెట్టిండ్రు."

నర్సమ్మ మొదట కళ్లు తుడుచుకుంది, తర్వాత నవ్వింది. ఇద్దరూ నవ్వీ నవ్వీ గోడకు ఆనుకుని కింద కూలబడ్డారు. పెద్దమ్మ అంతసేపు ఒకచోట కూర్చోగా నేను చూసింది ఆ ఒక్క సాయంత్రమే.

నర్సమ్మ అనుకున్నట్టే ఐర్లండులో దిగింది. ఒక ఫోటో పంపింది. తడిసిన రాతి గోడ పక్కన, చెదిరిన జుట్టుతో నవ్వుతూ నిలబడి ఉంది. పెద్దమ్మ ఆ ఫోటో చూసినంతసేపు చూసి, "ఇగ నాది" అంది.

మా తాత జ్ఞానస్నానం పేరు ఏలియా. నర్సమ్మ పూర్వీకుడికి పట్టిన లెక్కే తండ్రికీ పట్టింది పెద్దమ్మ. పిలిస్తే పలికే పేరు మారదు కాబట్టి, ఏలియా కాకముందు ఆయన ఎల్లయ్య అయ్యుండాలి. మెదక్ చుట్టుపక్కల రాయి విసిరితే ఎల్లయ్యకే తగులుతుందని నేనన్నాను. "తగలనీ, ఒక్కొక్కల్నే అడుగుత" అంది. ఆదివారం ఆరాధన ముగియగానే బస్సెక్కేది. కౌడిపల్లి, నిజాంపేట, వాటి వెనక పల్లెలు. ఏ అరుగు మీదైనా కూర్చుని, "మీ ఇంట్లకెల్లి ఎల్లయ్య అనేటోడు జీతమిడిసి పారిపోయిండా?" అని అడిగేది. కొందరు నవ్వేవారు, కొందరు మజ్జిగ ఇచ్చేవారు, ఒకచోట కుక్కను వదిలారు. రాత్రికి దుమ్ముకొట్టుకుని వచ్చి, "ఇయ్యాల కాలె" అనేది. నాకు విసుగొచ్చేది. ఆ విసుగంతా ఇప్పుడు ఏం చేసుకోవాలో తెలియడం లేదు. ఆమె లేని ఇంట్లో దువ్వెన పెట్టినచోటే ఉంటోంది, నాకది భరించరానిదిగా ఉంది.

సమాధి రాయి చెక్కించే రోజు రేగోడ్ మనిషి మళ్లీ వచ్చాడు. రమ్మని ఎవరూ పిలవలేదు. చెక్కేవాడు ఉలి పట్టుకుని, ఇంటి పేరు ఏం పెట్టాలన్నాడు.

"గానుగ అని పెట్టుండ్రి. ఇన్నేండ్ల సంది అదే గద" అన్నాడు మా మామ, పెద్దమ్మకు తమ్ముడు.

"వద్దు మామా. అసలు పేరు దొరికేదాకా ముందర ఖాళీ వదిలిద్దాం" అన్నాను.

"ఖాళీ అంటే ఎంతమ్మా? ఎన్ని అచ్చరాలకు?" అన్నాడు చెక్కేవాడు.

అప్పుడు వెనక నుంచి రేగోడ్ మనిషి, తలపాగా చేతుల్లో నలుపుతూ, మెల్లగా అన్నాడు.

"ఆ దినం మా అవ్వనడిగిన గద. మా నాయినకు తమ్ముడొకడు ఎల్లయ్య ఉండెనంట. గొంగడెత్తుకొని పోయినోడు మళ్ల రాలేదంట. మా ఇంటి పేరైతే మూడచ్చరాలు."

చెక్కేవాడు నా ముఖం చూశాడు. నేను ఆ మనిషి ముఖం చూశాను. తర్వాత, ఆ పేరు వాళ్ల అవ్వ నోటే విన్నాక చెక్కిద్దామని, రాయి మీద అరచేయి చాపి, మూడక్షరాలకు జానెడు జాగా కొలిచి చూపించాను. ఉలి ఆ జానెడూ దాటి, పెద్దమ్మ పేరులో మొదటి అక్షరం మీద పడింది.