వాగు గట్టులో పూడ్చిన దూది

మొన్న శుక్రవారం నమాజు ముగించుకుని మసీదు మెట్లు దిగేసరికి గుంటూరు మీద వాన కుండపోతగా పడుతోంది. బుద్ధిగా ఇంటికి పోవలసినవాణ్ణి, గొడుగు విప్పుకుని వాగు ఒడ్డున కొత్తగా కట్టిన పార్కు వైపు నడిచాను. రోడ్డు మీద నుంచి పార్కులోకి దిగడానికి పన్నెండు మెట్లున్నాయి. నేను వెళ్లేసరికి పార్కు లేదు. నడకదారి, పిల్లల ఉయ్యాలలు, రోజూ పొద్దున నాలాంటి సుగరు మనుషులు చేతులూపుకుంటూ తిరిగే పచ్చగడ్డి, అంతా బురదనీళ్ల కిందికి పోయింది. మెట్లలో కూడా కిందివి ఏడు మునిగాయి. నా పక్కన నిలబడ్డ పెద్దమనిషి ఒకాయన, "ఇంత చేసి కట్టిన పార్కు కాస్తా నీళ్లపాలు చేశారండీ" అని నిట్టూర్చాడు. "మునగడానికే కట్టారండీ దాన్ని" అన్నాను. ఆయన నన్ను ఎగాదిగా చూసి రెండడుగులు దూరం జరిగాడు. ఆయన తప్పేం లేదు. వాన లేనప్పుడు పార్కు, వాన వచ్చినప్పుడు వాగు, అదీ దాని ఏర్పాటు. కానీ కట్టాక ఇదే మొదటి పెద్ద వాన. ఏర్పాటు కాగితం మీద బాగానే ఉంది, నీళ్లకు ఆ సంగతి తెలుసో లేదో ఎవరికీ తెలియదు. పన్నెండో మెట్టు దాటితే నీళ్లు ఇవతలికి రావు, ఇటు ఎత్తు. అవతలి పేటలోకి పోతాయి. అవతలి గట్టు మీద నల్ల గొడుగు కింద ఒక మనిషి నిలబడి ఉంది. ఆ పేట బళ్లో పాఠాలు చెప్పే టీచరమ్మ. ఆవిడా నాలాగే మెట్లు లెక్కపెడుతోందని ఆ నిలబడ్డ తీరులోనే తెలుస్తోంది.

ఆ మెట్లు దిగే చోటే ఒకప్పుడు మా మేనత్త వంటిల్లు ఉండేది.

మేం దూదేకులవాళ్లం. ఇంట్లో మాట్లాడేది తెలుగు, మసీదులో చదివేది అరబ్బీ, తిట్టుకునేది మాత్రం అచ్చమైన గుంటూరు. వాగు ఒడ్డున మా వీధి వీధంతా పరుపులు కుట్టేవాళ్లే. మేనత్త మా నాన్నకు చెల్లెలు. మామయ్య తొందరగా పోవడంతో మా పక్కింట్లోకి వచ్చి, తనూ ఒక విల్లు తగిలించుకుని దూది ఏకడం మొదలుపెట్టింది. రోజంతా ఏకితే కనుబొమల మీదా, జుట్టు మీదా దూది పేరుకుని, ముప్పై ఏళ్లకే ముసలమ్మలా కనిపించేది. సాయంత్రం స్నానం చేస్తే మళ్లీ నల్లబడేది. ఆవిడకు అవతలి పేటలో ఒక స్నేహితురాలు ఉండేది. ఆ పేటలో అందరూ కూలీనాలీ చేసుకునే క్రైస్తవులు. ఆమె మిరపకాయల రోజుల్లో తొడిమలు తీసే పనికి పోయేది, మిగతా రోజుల్లో వాగులో వేసిన బండరాళ్ల మీద అడుగులేసుకుంటూ వచ్చి మా అత్త దగ్గర పరుపు గలీబులు కుట్టేది. తొడిమలు తీసి తీసి ఆమె వేళ్లు భగభగ మండుతుండేవి, కంట్లో నలుసు పడినా తుడుచుకునే వీల్లేదు. అత్తే పైటచెంగు తడిపి తుడిచేది. ఇద్దరూ ఏం మాట్లాడుకునేవాళ్లో గానీ ఆ నవ్వులకు మా నాన్న గోడ అవతల నుంచి దగ్గేవాడు.

ఇక మేం చేసిన ఘనకార్యం గురించి చెప్పాలి. పాత పరుపులు విప్పినప్పుడు అందులో కొంత దూది గడ్డకట్టి, నల్లబడి, ఏకడానికి పనికి రాకుండా ఉంటుంది. కాలిస్తే పొగ, రోడ్డు మీద పోస్తే తగవు. అందుకని మావాళ్లు దాన్ని పెరటి వెనక వాగు గట్టులో పూడ్చేవాళ్లు. ఒక వరస దూది, ఒక వరస మట్టి, పైన ఆడా మగా కలిసి తొక్కడం. అలా ఏడాదికి ఒక మూర చొప్పున మా పెరళ్లు వాగులోకి నడిచాయి. తప్పని ఎవరికీ అనిపించలేదు, పైగా అందులో ఒక తెలివి కూడా కనిపెట్టాం. "దూది నీళ్లు తాగుద్ది గదరా. వరదొస్తే గట్టే తాగేసిద్ది" అనేవాడు నాన్న. దూదితో పుట్టి దూదితో పెరిగినవాళ్లం, దూది మీద మాకంత నమ్మకం. ఎంత తాగుతుందో, తాగనిది ఎటు పోతుందో ఆలోచించలేదు. పెరిగిన నేల మీద ఒకరు పశువుల పాక వేశారు, ఒకరు గది వేశారు, అత్త వంటిల్లు వేసుకుంది.

నాకు ఇరవై రెండేళ్లప్పుడు, కార్తీకంలో తుఫాను పట్టింది. మూడో రోజు మధ్యాహ్నం వాగు వచ్చింది. మా గట్టు చెక్కుచెదరలేదు. "చూశావా, చెప్పలా?" అన్నాడు నాన్న. మా వైపు చోటు దొరకని నీళ్లు అవతలి పేట మీద పడ్డాయి. అందరూ పిల్లల్ని తీసుకుని చర్చి అరుగు మీదికి ఎక్కారు. అత్త స్నేహితురాలు తన పదేళ్ల కూతుర్ని అక్కడ కూర్చోబెట్టి, ట్రంకుపెట్టె కోసం మళ్లీ ఇంట్లోకి వెళ్లింది. నానిన మట్టిగోడ ఆమె మీద కూలింది. అత్త ఇవతలి గట్టు మీద, తన వంటింటి గుమ్మంలో నిలబడి అదంతా చూసింది. అరిచిందేమో కూడా, నీళ్ల హోరులో నాకు వినపడలేదు. ఆ తర్వాత ఆవిడ పనికిరాని దూదిని ఒక్క గుప్పెడు కూడా గట్టులో వేయలేదు. బుట్టకెత్తుకుని దూరంగా పొలాల్లోకి మోసుకుపోయి పోసేది. ఎందుకని ఎవరూ అడగలేదు, ఆవిడా చెప్పలేదు. ఆ పదేళ్ల పిల్లే ఇప్పటి టీచరమ్మ.

ఆరేళ్ల కిందట వాగును బాగుచేస్తారన్నారు. వెడల్పు చేసి, గోడలు కట్టి, పల్లంలో పార్కు వేసి, వరద వస్తే నీళ్లు అందులో నిలిచేలా చేస్తారట. పాత పటం చిరిగి గీతలు చెరిగిపోయాయి కాబట్టి అసలు గట్టు ఎక్కడుండేదో ఇంజనీరు వచ్చి విచారిస్తాడన్నారు. ఇప్పుడున్నదే గట్టని తేలితే గోడ అక్కడే లేస్తుంది, మా ఇళ్లు నిలుస్తాయి, వాగు ఇరుకుగానే ఉండిపోతుంది. కాదని తేలితే మా ఇళ్లు పోతాయి. వీధంతా టీ కొట్టు దగ్గర కూర్చుని ఒక్క మాట మీదికి వచ్చింది, ఇది తాతల నాటి గట్టు అని. అర్జీ రాసింది నేనే. నూలు మిల్లులో గుమాస్తాగా చేశాను, మాటలు కుదురుతాయని నాకు పేరు. 'అనాదిగా' అనే మాట రెండుసార్లు వేశాను. మిల్లు మూతపడినప్పుడు చేతికి వచ్చిన దాంతో నేను కట్టుకున్న రెండు గదులూ ఆ దూది మీదే ఉన్నాయి మరి.

సర్వేకి ముందు రోజు అత్త దగ్గరికి వెళ్లాను. దిండులో దూది కూరుతోంది.

"అత్తా, రేపు సార్లు వచ్చి అడిగితే నాకేం తెలీదని చెప్పు. అంతకంటే ఏం వద్దు."

"తెలీదని ఎట్టా చెప్పనురా? తొక్కింది నేనే గదా."

"మన ఇళ్లు పోతాయి."

"ముందు నాదే పోద్ది. ఆ మాత్రం తెలీదా నాకు?"

బతిమాలాను. మా ఇంటిదాని చేత చెప్పించాను. ఆవిడ దిండు మూతి కుట్టుకుంటూ కూర్చుంది.

మర్నాడు ఇంజనీరు వచ్చాడు. ముప్పై ఏళ్లుంటాయేమో, మెత్తని మనిషి. సర్వే మిషను నిలబెట్టి ఒక్కొక్కరినీ అడుగుతూ వస్తున్నాడు. అందరూ ఒకటే మాట, నేర్పిన పాఠంలా అప్పజెబుతున్నారు. అవతలి పేట నుంచి టీచరమ్మ కూడా వచ్చి ఒక పక్కగా నిలబడింది. ఆవిడ ఎవరినీ కాదనలేదు. అది మరీ కష్టంగా ఉంది. ఆఖరికి ఇంజనీరు అత్త వాకిట్లో ఆగి, "మామ్మగారూ, మీరు పెద్దవారు. ఈ గట్టు మొదటి నుంచీ ఇక్కడే ఉందా?" అని అడిగాడు.

అత్త గడ్డపార పట్టుకున్న కూలీ మనిషిని పిలిచి, తన వంటింటి గోడ పక్కన చోటు చూపించింది. "ఇక్కడ ఒక మూర లోతు తవ్వు నాయనా."

"ముసలిదానికి మతి పోయింది సార్, పట్టించుకోకండి" అన్నాను. గట్టిగానే అన్నాను. అత్త నా వైపు ఒకసారి చూసి మళ్లీ గుంట వైపు తిరిగింది.

గడ్డపార నాలుగు పోట్లు పడ్డాక నల్లమట్టి కింద నుంచి దూది వచ్చింది. బూడిదరంగులో, జిగటగా, పాచి వాసనతో, తవ్వేకొద్దీ వస్తూనే ఉంది. అత్త వంగి ఒక ముద్ద చేతిలోకి తీసుకుంది. "దూది చెట్టుకు కాసిద్ది బాబూ, నేలలో ఊరదు. ఇదంతా మేం పూడ్చిందే. నేను ఈ ఇంటికి వచ్చినప్పుడు వాగు ఇంకా ఇవతలికి ఉండేది." తర్వాత టీచరమ్మ వైపు తిరిగింది. "మీ అమ్మ పోయినప్పుడు ఈ గట్టు ఇట్టాగే ఉందమ్మాయ్. నువ్వు అడగలా. నేనే చెప్పుకోవాల్సింది." టీచరమ్మ వచ్చి అత్త చేతిలోని ముద్ద తీసి కింద పెట్టి, తన కొంగుతో ఆ చెయ్యి తుడిచింది.

ఇళ్లు పోయాయి. పెదకాకాని వైపు తలా ఒక ఇల్లు ఇచ్చారు. చిన్నవే అయినా గోడలు బీటలు వారవు, కింద దూది లేదు కదా. వీధివాళ్లు అత్తను వెలేసినంత పని చేశారు. ఇంటిగుట్టు లంకకు చేటన్నారు. పండగ పూట బిరియానీ గిన్నెలు అన్ని గుమ్మాలూ తిరిగి ఆవిడ గుమ్మం దగ్గర మాత్రం మలుపు తిరిగేవి. వాళ్లనేం లెండి, నేను ఏడాదిన్నర ఆవిడ గడప తొక్కలేదు. తర్వాత రాకపోకలు మొదలైనా ఆనాటి మాట ఇద్దరమూ ఎత్తలేదు.

మొన్న ఆ వానలో ఇదంతా నా కళ్ల ముందు తిరుగుతుండగానే తొమ్మిదో మెట్టు మునిగింది. పదో మెట్టు మునిగింది. అవతలి పేటలో జనం పిల్లల్నీ మూటల్నీ ఎత్తుకుని చర్చి వైపు కదలడం మొదలుపెట్టారు. టీచరమ్మ కదలలేదు. పదకొండో మెట్టు మీదికి నీళ్లు పాకినప్పుడు నాకు మళ్లీ ఆ ఇరవై రెండేళ్లప్పటి భయమే పట్టుకుంది. ఇంత చేసీ, ఇళ్లు పోగొట్టుకునీ, ఆవిడనన్ని మాటలు అనిపించీ, చివరికి చాలకపోతే? గొడుగు ఎప్పుడు పక్కకు ఒరిగిందో తెలియదు, నిలువునా తడిసిపోయాను. నీళ్లు ఆ మెట్టు మీద చాలాసేపు నిలబడ్డాయి. తర్వాత మెట్టు అంచు, వేలెడంత, తడిగా బయటపడింది. అవతలి గట్టు మీద టీచరమ్మ గొడుగు ముడిచి, ఆ వానలోనే అక్కడే కూలబడిపోయింది.

ఆటో కట్టించుకుని తిన్నగా అత్త దగ్గరికి వెళ్లాను. ఎనభై దాటినా ఇంకా దిండ్లు కుడుతూనే ఉంది. తడిసిన నన్ను చూసి తువ్వాలు విసిరింది.

"నీళ్లు ఎందాకా వచ్చినయ్ రా?"

"పదకొండో మెట్టు దాకా."

"అవతలకి?"

"చుక్క పోలేదు."

సూది పక్కన పెట్టి కళ్లు మూసుకుంది. ఇక ఆగలేక అన్నాను, "ఆ రోజు నీకు మతి పోయిందన్నాను అత్తా."

"అన్నావు." కళ్లు తెరవలేదు. "పోతే బాగుండునని ముప్పై ఏళ్లు అనుకున్నా నేను. పోలేదు."

తువ్వాలు ఒళ్లో పెట్టుకుని, ఆవిడ పక్కనే కూర్చుని, దిండులోకి దూది అందిస్తూ ఉండిపోయాను. ఏళ్లు గడిస్తే ఏదైనా మట్టిలో కలిసిపోతుందంటారు. మా అత్త తవ్వించిన చోట నేను కళ్లారా చూశాను, కలవలేదు.